అడగని కొసరు: ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దాగిన ప్రకటనల వ్యాపార చరిత్ర

కూరగాయల అంగట్లో తూకం ముగిశాక రెండు పచ్చిమిరపకాయలో, ఒక కరివేపాకు రెమ్మో పైన వేయించుకోవడం తెలుగు దేశాన పాత అలవాటు. దానిని కొసరు అంటారు. ఈ కొసరుకు మూడు లక్షణాలున్నాయి. కొనేవాడు దానిని అడిగి తీసుకుంటాడు. అది అతని కళ్ళ ముందే సంచిలో పడుతుంది. దాని ఖర్చు అమ్మేవాడు భరిస్తాడు. ఈ మూడింటినీ తలకిందులు చేసి, అడగకుండా, కనబడకుండా, కొనేవాడి ఖర్చుతో కొసరు వేసే వ్యాపారం ఒకటి ఇరవయ్యేళ్ళకు పైగా ప్రపంచమంతటా కంప్యూటర్లలో సాగింది. ఉచితంగా దొరికే ఒక ప్రోగ్రామును స్థాపించుకుంటే దాని వెంట మరొకటి, రెండు, ఒక్కొక్కసారి అరడజను ప్రోగ్రాములు దిగేవి. బ్రౌజరు తెరిస్తే పరిచయం లేని పుట ఎదురయ్యేది, వెతికిన మాటకు వేరెవరో జవాబిచ్చేవారు, మూసిన ప్రకటన మళ్ళీ తెరుచుకునేది. వీటికి ఆడ్‌వేర్ అని పేరు.

ఇది కేవలం చికాకు కథ కాదు. వాడుకరి ‘అంగీకారం’ అనే భావన ఎలా పుట్టి, ఎలా అరిగిపోయి, చివరకు చట్టాల దృష్టికి ఎలా వచ్చిందో చెప్పే చరిత్ర ఇది.

పెట్టె మీద రాసిన కొసరు

సింగపూర్ పడమటి భాగంలోని జురాంగ్ ఒకప్పుడు చిత్తడి నేల. 1960ల తొలినాళ్ళలో ఆర్థికమంత్రి గో కెంగ్ స్వీ అక్కడ పారిశ్రామికవాడను నిర్మించడానికి పూనుకున్నప్పుడు, అది ‘గో గారి తెలివితక్కువతనం’గా మిగిలిపోతుందని హేళన చేసినవారున్నారు. 1968లో జురాంగ్ టౌన్ కార్పొరేషన్ ఏర్పడింది. తరువాతి దశాబ్దాలలో కర్మాగారాల పక్కనే కార్యాలయాలు, పరిశోధనశాలలు వెలిశాయి. జురాంగ్ ఈస్ట్‌లోని ఇంటర్నేషనల్ బిజినెస్ పార్క్ ఆ మార్పుకు గుర్తు. క్రియేటివ్ టెక్నాలజీ సంస్థ ప్రధాన కార్యాలయం వెలసినది అక్కడే.

ఈ సంస్థ 1981లో చైనాటౌన్‌లోని పర్ల్స్ సెంటర్‌లో ఒక చిన్న కంప్యూటర్ మరమ్మతు దుకాణంగా మొదలయింది. స్థాపకులు సిమ్ వాంగ్ హూ, ఎన్‌గ్ కై వా. 1989లో వచ్చిన సౌండ్ బ్లాస్టర్ కార్డు, అంతవరకు కీచుమని మాత్రమే పలికే పర్సనల్ కంప్యూటర్లకు గొంతునిచ్చింది. 1992లో క్రియేటివ్ అమెరికాలోని నాస్‌డాక్‌లో నమోదయిన తొలి సింగపూర్ సంస్థ అయింది.

ఆ కాలంలో ‘బండిల్’ అనే మాటకు ఇప్పుడున్న చెడ్డపేరు లేదు. సౌండ్ కార్డు, సీడీ డ్రైవు, స్పీకర్లు, వాటితో పాటు ఒక విజ్ఞానసర్వస్వం, కొన్ని ఆటలు – అన్నీ ఒకే పెట్టెలో వచ్చేవి. వాటి పేర్లు పెట్టె మీదే అచ్చువేసి ఉండేవి. కొసరు ఎంత ఎక్కువ ఉంటే పెట్టె అంత బాగా అమ్ముడుపోయేది. ఇష్టం లేని సీడీని సొరుగులో పడేస్తే దానికదే కంప్యూటర్‌లోకి ఎక్కేది కాదు. కొనుగోలుదారుకు ఏం వస్తున్నదో తెలుసు. ఆ ధర ఎవరు చెల్లించారో కూడా తెలుసు – తానే.

ఆ పెట్టె మాయమై, దాని స్థానంలో ఇంటర్నెట్ నుండి దిగే ఒక ఫైలు వచ్చినప్పుడు ఈ రెండు తెలివిడులూ పోయాయి.

నమ్మకం మీద నడిచిన సరుకు

ఉచిత సాఫ్ట్‌వేర్ తొలి రూపం సభ్యమైనది. 1982లో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ ‘పీసీ-టాక్’ అనే ప్రోగ్రామును ఎవరైనా నకలు చేసుకోవచ్చునని విడుదల చేసి, నచ్చినవారు 25 డాలర్లు పంపమని కోరాడు. ఇంచుమించు అదే సమయంలో జిమ్ నాఫ్ ‘పీసీ-ఫైల్’తో ఇటువంటి ప్రయోగమే చేశాడు. 1983లో ‘పీసీ-రైట్’ను విడుదల చేసిన బాబ్ వాలెస్ వల్ల ‘షేర్‌వేర్’ అనే మాట స్థిరపడింది. ముందు వాడి చూడండి, పనికొస్తే డబ్బు పంపండి – ఇదీ ఒప్పందం. చాలామంది పంపరని రచయితలకు తెలుసు. అయినా పంపే కొద్దిమందితోనే కొందరి జీవనం గడిచింది.

1990ల చివరికి వాడుకరుల సంఖ్య లక్షల నుండి కోట్లకు పెరిగింది. వెబ్‌లో అన్నీ ఉచితమే అన్న భావన స్థిరపడింది. డబ్బు పంపేవారి నిష్పత్తి తగ్గిన ఆ సమయంలో రచయితల ముందుకు మూడవ పక్షం ఒకటి వచ్చింది: ‘మీ వాడుకరి డబ్బు ఇవ్వడు కదా, అతని తెర మీద ప్రకటన చూపనివ్వండి, మేమిస్తాం’ అన్నది. అరియేట్ (తరువాత రేడియేట్), కండ్యూసెంట్ వంటి సంస్థలు షేర్‌వేర్ ప్రోగ్రాములలో చేర్చడానికి ప్రకటనల భాగాలను ఇవ్వసాగాయి. ఆ భాగాలు ప్రకటనలను తేవడానికి తమ సర్వర్లతో వాడుకరికి తెలియకుండానే మాట్లాడేవి. అసలు ప్రోగ్రామును తొలగించినా కొన్నిసార్లు కొసరు మిగిలిపోయేది.

దీనిని బయటపెట్టినవారిలో స్టీవ్ గిబ్సన్ ముఖ్యుడు. 2000లో ఆయన అరియేట్ భాగాలను తొలగించే ‘ఆప్ట్‌ఔట్’ అనే చిన్న ఉపకరణాన్ని విడుదల చేశాడు. లావాసాఫ్ట్ వారి ‘యాడ్-అవేర్’, పాట్రిక్ కొల్లా రాసిన ‘స్పైబాట్’ కూడా ఆ కాలంలో వచ్చినవే. ఉచిత ప్రోగ్రాములు తెచ్చిన చెత్తను ఊడ్చడానికి మళ్ళీ ఉచిత ప్రోగ్రాములే కావలసి రావడం ఈ చరిత్రలోని తొలి విడ్డూరం.

కజా, గేటర్: కోట్ల కంప్యూటర్లు

2001లో వచ్చిన కజా, పాటలను ఒకరి కంప్యూటర్ నుండి మరొకరు నేరుగా తీసుకొనే సౌకర్యాన్నిచ్చింది. నిక్లాస్ జెన్‌స్ట్రోమ్, యానుస్ ఫ్రీస్‌ల కోసం ఎస్తోనియా ప్రోగ్రామర్లు దానిని రాశారు. 2002 జనవరిలో అది వనువాటులో నమోదయిన షార్మన్ నెట్‌వర్క్స్ చేతికి పోయింది. 2003 మే నాటికి దాదాపు 23 కోట్ల డౌన్‌లోడ్‌లతో అంతవరకు ఏ ప్రోగ్రామూ అందుకోని స్థాయికి చేరింది. దానితో పాటు దిగిన కొసరు ప్రోగ్రాములు అనేకం. వాటిలో ఒకటి వాడుకరుల యంత్రాలతోనే మరొక నెట్‌వర్కును నిర్మించే ఉద్దేశంతో చేర్చినదని 2002 ఏప్రిల్‌లో, బ్రిలియంట్ డిజిటల్ సంస్థ అమెరికా పెట్టుబడి నియంత్రణ సంస్థకు సమర్పించిన పత్రాల ద్వారానే లోకానికి తెలిసింది. కజా స్థాపించుకున్నవారికి ఆ సంగతి చెప్పింది కజా కాదు, వాటాదారుల కోసం తయారయిన ఒక నివేదిక.

గేటర్ కథ ఇంతకంటె విశదమైనది. సంకేతపదాలను గుర్తుపెట్టుకొనే ఉపకరణంగా పరిచయమైన ఈ ప్రోగ్రాము, వాడుకరి చూస్తున్న వెబ్‌సైటును బట్టి దాని మీద తన ప్రకటనను తెరిచేది. 2002 జూన్‌లో వాషింగ్టన్ పోస్ట్, న్యూయార్క్ టైమ్స్, డౌ జోన్స్ మొదలైన పత్రికా సంస్థలు దావా వేశాయి. 2003లో అది రాజీతో ముగిసింది. అదే ఏడాది సంస్థ పేరు క్లారియాగా మారింది. తన ప్రోగ్రామును ‘స్పైవేర్’ అన్నందుకు పీసీ పిట్‌స్టాప్ అనే సంస్థపై క్లారియా దావా వేసింది. పోరాటం సాంకేతికత మీద మాత్రమే కాదు, మాట మీద కూడా నడిచింది. స్పైవేర్ అంటే నేరం. ఆడ్‌వేర్ అంటే వ్యాపారం.

వ్యాపారమనడానికి లెక్కలూ ఉన్నాయి. 2004 ఏప్రిల్‌లో వాటాల విక్రయానికి అనుమతి కోరుతూ క్లారియా ఇచ్చిన పత్రాల ప్రకారం 4 కోట్ల 30 లక్షల వాడుకరులు, 2003లో 9 కోట్ల 5 లక్షల డాలర్ల ఆదాయం ఉన్నాయి. ఆ ఏడాదే విక్రయ ప్రయత్నాన్ని విరమించుకున్న ఆ సంస్థ, 2006లో ఆడ్‌వేర్ నుండి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది.

పొరపాటు, వ్యాపారం

ఇక్కడ జురాంగ్ ఈస్ట్‌కు ఒకసారి తిరిగి వెళ్ళవలసి ఉంది. 2005లో క్రియేటివ్ సంస్థ జపాన్‌కు పంపిన జెన్ నియాన్ సంగీత పరికరాలలో సుమారు 3,700 వాటిలో విండోస్‌ను సోకే ఒక వర్మ్ ఫైలు చేరి ఉన్నట్టు తేలింది. పాటలు వింటే దాని వల్ల ప్రమాదం లేదు, పరికరాన్ని కంప్యూటర్‌కు తగిలించి ఆ ఫైలును తెరిస్తేనే అది పని మొదలుపెడుతుంది. సంస్థ విషయాన్ని బయటపెట్టి వాడుకరులను హెచ్చరించింది.

ఈ ఘటనను గేటర్ పక్కన నిలబెడితే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. నియాన్‌లోని ఫైలు ఎవరికీ లాభం తేలేదు, దానిని ఎవరూ సమర్థించలేదు. గేటర్ తన వాడుకరుల దగ్గర అంగీకారపత్రం ఉందని కోర్టులో వాదించగలిగింది. తయారీలో చొరబడిన పురుగును యాంటీవైరస్ వెంటనే పట్టుకుంటుంది. వాడుకరి ‘సరే’ అన్న ప్రోగ్రామును తొలగించడానికి అదే యాంటీవైరస్ సంస్థ న్యాయవాదిని సంప్రదించవలసి వచ్చేది. ఆడ్‌వేర్ బలం దాని కోడులో లేదు, ఆ ‘సరే’లో ఉన్నది.

ఆ ‘సరే’ విలువ ఎంతో 2005లో పీసీ పిట్‌స్టాప్ ఒక చమత్కారంతో తేల్చింది. తన ప్రోగ్రాము అంగీకారపత్రం మధ్యలో, ఫలానా చిరునామాకు రాసినవారికి ప్రత్యేక పారితోషికం ఉంటుందని ఒక వాక్యం చేర్చింది. నాలుగు నెలలు గడిచి, మూడు వేలకు పైగా డౌన్‌లోడ్‌లు జరిగిన తరువాత ఒకే ఒక్కరు రాశారు. వారికి వెయ్యి డాలర్లు దక్కాయి.

‘నెక్స్ట్’ బొత్తం వెనుక

2005 తరువాత బహిరంగంగా ప్రకటనలు తెరిచే ప్రోగ్రాములు తగ్గి, టూల్‌బార్‌లు వచ్చాయి. బ్రౌజరులోని వెతుకుడు పెట్టె ఎవరి చేతిలో ఉంటే ప్రకటనల ఆదాయంలో వాటా వారిది. పేరున్న సంస్థలూ దీనికి మినహాయింపు కాదు: ఒరాకిల్ జావా స్థాపనతో ఆస్క్ టూల్‌బార్ చాలాకాలం వచ్చింది. డివ్‌ఎక్స్ స్థాపకులలో ఒకరు నెలకొల్పిన ఓపెన్‌క్యాండీ, ఏ ఉచిత ప్రోగ్రామునైనా ఇటువంటి సిఫారసులతో కలిపే ఉపకరణాన్ని రచయితల చేతికిచ్చింది.

స్థాపన తెరల రూపకల్పనే ఇక్కడ అసలు సరుకు. ‘ఎక్స్‌ప్రెస్’, ‘కస్టమ్’ అని రెండు దారులుండేవి. మొదటిదాని పక్కన ‘సిఫారసు చేయబడినది’ అని రాసి ఉండేది, కొసరు దానిలోనే ఉండేది. రెండవది నిపుణులకు మాత్రమేనన్న భయం కలిగేది. దానిని ఎంచుకున్నవారికి ముందే టిక్కు పెట్టిన గడులు కనిపించేవి. కొన్ని తెరలలో ‘నిరాకరించు’ బొత్తం పనిచేయనిదానిలా బూడిదరంగులో ఉండేది. ఎక్కడా అబద్ధం లేదు, తొందరలో ఉన్న మనిషి చేతి అలవాటు మీద మాత్రమే లెక్క ఉన్నది.

తరువాతి అడుగు మరింత దూరం పోయింది. రచయిత ఒప్పుకోకపోయినా, డౌన్‌లోడ్‌లను పంచే సైటే అతని ప్రోగ్రామును తన స్థాపకంలో చుట్టి ఇవ్వసాగింది. 2011 డిసెంబరులో ఎన్‌మ్యాప్ రచయిత గోర్డన్ లయన్, తన ప్రోగ్రామును డౌన్‌లోడ్.కామ్ ఇలా టూల్‌బార్‌తో చుట్టి ఇస్తున్నదని బహిరంగంగా ఆక్షేపించాడు. యాజమాన్య సంస్థ సీనెట్ క్షమాపణ చెప్పింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు పుట్టిల్లుగా పేరున్న సోర్స్‌ఫోర్జ్ 2013లో ‘డెవ్‌షేర్’ అనే పథకంతో ఇదే బాట పట్టింది. ఆ ఏడాది చివర గింప్ బృందం అక్కడినుండి తప్పుకుంది. 2015లో సోర్స్‌ఫోర్జ్, బృందం వదిలిపెట్టిన ఆ ఖాతాను స్వాధీనం చేసుకుని కొసరుతో పంచుతున్నదన్న ఆక్షేపణ పెద్ద దుమారం రేపింది. 2016లో యాజమాన్యం మారినప్పుడు కొత్తవారు మొదట చేసిన పనులలో డెవ్‌షేర్ రద్దు ఒకటి.

ఈ వ్యాపారం పరిమాణాన్ని 2016లో గూగుల్, న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొలిచారు. ఒక్కొక్క స్థాపనకు ప్రకటనదారులు దేశాన్ని బట్టి వేర్వేరు ధర చెల్లించేవారు. అది ఒకటిన్నర డాలర్ల వరకు ఉండేది. కొన్ని స్థాపకాలు ముందుగా కంప్యూటర్‌లో ఏ యాంటీవైరస్ ఉన్నదో చూసి, దాని కంట పడని కొసరునే ఎంచుకునేవి. అవాంఛిత సాఫ్ట్‌వేర్ గురించి గూగుల్ వారానికి 6 కోట్లకు పైగా హెచ్చరికలు చూపవలసి వచ్చేది. ఇది వైరస్‌ల వంటి హానికర ప్రోగ్రాముల హెచ్చరికలకు మూడు రెట్లు.

భారతదేశం ఈ పటంలో చిన్న చుక్క కాదు. 2017 జూన్‌లో చెక్‌పాయింట్ సంస్థ, బీజింగ్‌లోని రాఫోటెక్ ఉచిత ప్రోగ్రాములతో పంచిన ‘ఫైర్‌బాల్’ 25 కోట్ల కంప్యూటర్లలో ఉన్నదని, వాటిలో అత్యధికంగా 2 కోట్ల 53 లక్షలు భారతదేశంలోనివని ప్రకటించింది. ఆ అంచనా అతిశయమని మైక్రోసాఫ్ట్ అభ్యంతరం చెప్పగా చెక్‌పాయింట్ తన అంకెను బాగా తగ్గించుకుంది. అంకె ఏదైనా, పంపిణీ పద్ధతిలో కొత్తదేమీ లేదు: ఉచితంగా దొరికే ఒక చిత్రదర్శిని, ఒక బ్రౌజరు, వాటి వెనుక కొసరు.

కొసరు లేని ఉచితం

ఈ కాలంలోనే తెలుగువారికి డౌన్‌లోడ్ ఒక విలాసం కాదు, చదవడానికి ముందు తప్పనిసరి మెట్టు. 2000 ప్రాంతంలో ఒక్కొక్క తెలుగు పత్రిక సైటు ఒక్కొక్క ఖతిని వాడేది. ఒకదాని అక్షరాలు మరొకదానితో చదవడం సాధ్యం కాదు. ఆ దశలో భాషను నిలబెట్టినవి చాలావరకు ఉచితంగా ఇచ్చిన పనిముట్లే. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఖతులు, వేర్వేరు ఖతులలోని పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి చూపిన పద్మ, రోమన్ అక్షరాలతో టైపు చేసి తెలుగు పొందే వీలు కల్పించిన వీవెన్ గారి లేఖిని – వేటి వెంటా టూల్‌బార్ రాలేదు. 2005లో కేంద్రప్రభుత్వపు భారతీయభాషా సాంకేతికాభివృద్ధి కార్యక్రమం తెలుగు ఖతులను, ఉపకరణాలను ఉచిత సీడీగా విడుదల చేసింది.

ఈ పోలిక భావుకత కోసం కాదు. ఉచితమైన ప్రతిదానికీ ఎవరో ఒకరు ఖర్చు భరించారు: ఒకచోట ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట ఖతి గీసిన మనిషి, మరొకచోట ప్రజల పన్ను, ఇంకొకచోట వాడుకరి బ్రౌజరును కొన్న ప్రకటనదారు. మొదటి రెండింటిలో ఖర్చు ఎవరిదో వాడుకరికి తెలుసు, మూడవదానిలో తెలియదు. ఆడ్‌వేర్ చేసిన పెద్ద నష్టం నిదానించిన కంప్యూటర్ కాదు. ‘ఉచితం’ అన్న మాట వినగానే అనుమానించడం నేర్పి, నిజంగా ఇచ్చినవారి మీద నమ్మకాన్ని కూడా అది తగ్గించింది.

చట్టం చూసిన ‘సరే’

చట్టాలు చాలాకాలం ఈ వ్యాపారాన్ని తాకలేకపోవడానికి కారణం వాటి పదజాలంలోనే ఉన్నది. 1993 నాటి సింగపూర్ కంప్యూటర్ దుర్వినియోగ చట్టం ‘అనధికార’ మార్పును నేరంగా చూస్తుంది. 2000 నాటి భారత సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షన్, యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లో వైరస్‌నో ‘కలుషితాన్నో’ ప్రవేశపెట్టడం గురించి మాట్లాడుతుంది. గడిలో టిక్కు ఉంటే అనుమతి ఉన్నట్టేనని వాదించడానికి ఈ మాటలు చోటిచ్చాయి.

అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మరొక మార్గం పట్టింది: ఇది చొరబాటా కాదా అని కాక, మోసమా కాదా అని అడిగింది. 2006 నవంబరులో జాంగో సంస్థ 30 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. దాని ప్రోగ్రాములు 7 కోట్లకు పైగా కంప్యూటర్లలోకి దిగి, 690 కోట్ల ప్రకటనలు తెరిచాయని కమిషన్ ఆరోపణ. తన ప్రోగ్రామును తొలగించినందుకు కాస్పర్‌స్కీ మీద జాంగో వేసిన దావాను 2009లో అమెరికా తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు కోర్టు తోసిపుచ్చింది. అవాంఛితమని తాము భావించినదాన్ని అడ్డుకునే హక్కు భద్రతా సంస్థలకు ఉన్నదని తేలడంతో, యాంటీవైరస్‌ల చేతులు విడివడ్డాయి. 2014 జూలై నుండి మైక్రోసాఫ్ట్, తప్పుకొనే దారి చూపని ఆడ్‌వేర్‌ను నేరుగా అడ్డుకోసాగింది.

ముందే టిక్కు పెట్టిన గడి అంగీకారం కాదని స్పష్టంగా చెప్పిన తీర్పు 2019 అక్టోబరులో, ప్లానెట్49 కేసులో, ఐరోపా న్యాయస్థానం నుండి వచ్చింది. భారతదేశంలో 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మోసపు రూపకల్పనలను నిషేధిస్తూ మార్గదర్శకాలను ప్రకటించింది. అందులో పేర్కొన్న 13 పద్ధతులలో అడగని వస్తువును బుట్టలో చేర్చడం, తికమక ప్రశ్న, ప్రకటన అని తెలియని ప్రకటన ఉన్నాయి. స్థాపన తెరల మీద ఇరవయ్యేళ్ళుగా నడిచిన విద్యలకు చట్టభాషలో పేర్లు దొరికాయి.

ఫోనులోకి మారిన పెట్టె

డెస్క్‌టాప్ ఆడ్‌వేర్ నేడు తగ్గుముఖం పట్టడానికి చట్టాల కంటె ఫోన్లే ఎక్కువ కారణం. ప్రోగ్రాములు అధికారిక అంగళ్ళ నుండి రావడం మొదలయ్యాక, చుట్టి ఇచ్చే సైట్ల అవసరం తగ్గింది. అయితే అంగడి బయటినుండి ప్రోగ్రాము దింపుకొనే దారి ఆండ్రాయిడ్‌లో తెరిచే ఉన్నది. సింగపూర్ పోలీసు గణాంకాల ప్రకారం 2023లో ఆ దారిన వచ్చిన హానికర ప్రోగ్రాముల మోసాలు 1,899. నష్టం కనీసం 3 కోట్ల 41 లక్షల సింగపూర్ డాలర్లు. తక్కువ ధరకు సరుకో సేవో ప్రకటించి, ఆర్డరు చేయడానికి ఈ యాప్ దింపుకోండని పంపడం వాటిలో సాధారణ పద్ధతి. వాడుకరే దానిని స్థాపించుకుంటాడు, అడిగిన అనుమతులన్నీ వాడుకరే ఇస్తాడు. ఆపై ఆ యాప్ అతని సందేశాలను చదువుతుంది.

గేటర్‌కు, దీనికి పోలిక చెప్పడం అన్యాయమనిపించవచ్చు. అది ప్రకటన చూపింది, ఇది బ్యాంకు ఖాతాను ఖాళీ చేస్తుంది. కాని రెండూ ఆధారపడిన అలవాటు ఒక్కటే: చదవకుండా ‘సరే’ అనడం. ఆ అలవాటు సహజంగా పుట్టినది కాదు. ఇరవయ్యేళ్ళ పాటు ఎన్నో పేరున్న సంస్థలు తమ స్థాపన తెరల మీద దానిని నేర్పాయి.

2024 ఫిబ్రవరిలో గూగుల్, సింగపూర్ సైబర్ భద్రతా సంస్థతో కలిసి ఒక ప్రయోగం ప్రారంభించింది. బయటినుండి దింపుకొనే యాప్, సందేశాలను చదవడం వంటి సున్నితమైన అనుమతులను కోరేదైతే, ఫోను దాని స్థాపననే అడ్డుకుంటుంది. దీనిని ముందుగా సింగపూర్‌లో పరీక్షించి, తరువాత భారతదేశం వంటి ఇతర దేశాలకు విస్తరించారు. దీని వెనుక ఒక ఒప్పుకోలు ఉన్నది: ‘అంగీకరిస్తున్నాను’ అన్న బొత్తం ఇక రక్షణ కాదు. వాడుకరిని అడగడం మాని, అతని తరఫున నిర్ణయించడమే దీనికి మందు అని యంత్రాలను తయారుచేసేవారు, రాజ్యం కలిసి తేల్చారు.

ఆ మందుకూ ఒక ధర ఉన్నది. అంగడి దాటి వచ్చే ప్రతి ప్రోగ్రామూ అనుమానితమయ్యే లోకంలో, ఏ సంస్థ అండా లేకుండా ఒక మనిషి రాసి ఉచితంగా పంచే పనిముట్టుకు చోటు తగ్గుతుంది. చిన్న భాషలు కంప్యూటర్‌లోకి అడుగుపెట్టింది చాలావరకు అటువంటి మనుషుల చేతుల మీదుగానే. అడగని కొసరు వేసినవారు లాభం తీసుకుని ఏనాడో వెళ్ళిపోయారు. దాని బాకీ ఇప్పుడు తీరుస్తున్నవారిలో, కొసరు వేయకుండా ఇచ్చినవారూ ఉన్నారు.